బావగారి తుపాకి, మూడో తూటా

ఆవిణ్ణి అందరూ కుదరదమ్మ అంటారు. సైకిల్ షాపు వెనక ఇరుకు గదిలో పాత తుపాకులు బాగుచేస్తుంది. పని తండ్రి నేర్పాడు. పది తుపాకులొస్తే ఆరింటికి ఆవిడ మాట ఒకటే: "కుదరదు. గోడకి తగిలించుకోండి." మొదట్నించీ ఇంత మొండిఘటం కాదు. అందుకు కారణం ఆవిడ అక్క మొగుడు.

బావగారిది గొప్పలు పోయే నోరే గాని మనసు మంచిది. ఒకరోజు పొద్దున్నే రెండు గొట్టాల తుపాకిని దుప్పట్లో చుట్టి పసిబిడ్డలా మోసుకొచ్చాడు.

"మా తాత కాల్చాడు, మా నాన్న కాల్చాడు. పందులు తోటంతా పెళ్లగిస్తున్నాయి, ఇక నా వంతు. కాస్త నూనె వేసిచ్చెయ్, మరదలా."

ఆవిడ గొట్టాలు విడదీసి, పురికొసకి వేలాడగట్టి, చెక్క సుత్తితో చిన్నగా తట్టింది. మంచి గొట్టమైతే గంటలా మోగాలి. ఇది పగిలిన కుండలా పలికింది. టార్చి వేసి లోపలికి చూస్తే సన్నటి గుంటలు.

"ఇది కుదరదు బావా. తాతగారి రోజుల్లో నల్లటి తుపాకిమందు వాడేవాళ్లు, అది మెల్లగా నెట్టేది. ఇప్పటి తూటా ఒత్తిడికి ఇది ఆగదు. పైగా ఇనప పట్టీలు మెలిపెట్టి అతికిన గొట్టం. అతుకుల్లోకి తుప్పు చేరింది. పైకి నునుపు, లోపల గుల్ల."

"నూనె అడిగితే ఉపన్యాసం ఇస్తావేంటి? భయమైతే భయమని చెప్పు."

ఆ మాట ఆవిడకి చురుక్కుమంది. "సరే, పేల్చి చూద్దాం. మీ చేతిలో మాత్రం కాదు."

వెనక ఖాళీ స్థలంలో పాత లారీ టైరుకి తుపాకిని బిగించి కట్టింది. ఎదురుగా ఇసక బస్తాలు పేర్చింది. ఎడమ గొట్టంలో తూటా పెట్టి, దాని ట్రిగ్గరుకి తాడు కట్టి, ఇద్దరూ ఇటుక గోడ చాటుకి వెళ్లారు.

తాడు లాగింది. ఢామ్మంది. తుపాకి చెక్కుచెదరలేదు.

బావగారు మీసం దువ్వాడు. "ఏదీ, గుల్ల?"

రెండోసారీ అంతే. ఇక ఆయన ముఖం చూడాలి. ఆవిడకి మాత్రం తల కొట్టేసినట్టయింది. చెవి మోసం చేసిందేమో, నాన్నయితే ఒప్పుకునేవాడేమో అనుకుంది. వెళ్లి టైరుకున్న ముడి సగం విప్పేసింది కూడా.

"ఉండు ఉండు," అన్నాడు బావగారు హుషారుగా. "ఇంకొక్కటి పేల్చు. ఇంటికెళ్లి మీ అక్కకి చెప్పుకోవద్దూ?"

మళ్లీ ముడి బిగించి, తూటా పెట్టి, గోడ చాటుకొచ్చి తాడు లాగింది.

ఈసారి చప్పుడు వేరేలా వచ్చింది. ఏదో గోడకి టంగున తగిలింది. పొగ తేరాక వెళ్లి చూస్తే ఎడమ గొట్టం అరటితొక్కలా విచ్చుకుని ఉంది. కింద చెక్క ముక్కలైంది. ఎడమ చెయ్యి పట్టుకునే చోటు సరిగ్గా అదే.

బావగారు తన ఎడమ చెయ్యి ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు. "నువ్వు ముందే చెప్పావు కదమ్మా," అన్నాడు చివరికి.

ఆవిడ టైరు మీదే కూలబడింది. "చెప్పాను బావా. కాని తర్వాత నా మాట నేనే నమ్మలేదు. మీరు గొప్పకి పోయి మూడోది అడక్కపోతే, ఉన్నపళాన ఇచ్చి పంపేసేదాన్ని."

చీలిన అంచు అరచేతిలో పెట్టి చూపించింది. పాత పగులు నల్లగా, కొత్తది తళతళా. ఒక్కో దెబ్బకీ కాస్త కాస్త విచ్చుకుంటూ వచ్చింది. రెండు దెబ్బలు ఓర్చుకుంది, మూడోదానికి తెగింది.

అప్పట్నించి తమ తుపాకిలో రెండు తూటాలు బాగానే పేలాయని ఎవరన్నా వాదిస్తే ఆవిడ కోప్పడదు. తను ముడి విప్పిన సంగతి కూడా దాచకుండా చెబుతుంది. బావగారు తోట చుట్టూ ముళ్లకంచె వేయించాడు. ఇప్పుడాయనకి అన్నిటిమీదా అనుమానమే. పోయినవారం పాత ప్రెషర్ కుక్కర్ తెచ్చి బల్లమీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు.

"దీన్నీ ఒకసారి తట్టి చూడు, మరదలా."