ఖాళీ గంగాళం వారి శ్రోతలు

ఆ రోజుల్లో చింతామణిలో కుర్రాడు చెడిపోయాడనడానికి రెండే గుర్తులు: జుట్టు చెవుల మీదికి దిగడం, గిటారు కొనడం. నేను రెండూ ఒకే నెలలో చేశాను. బెంగళూరులో చదువుకుంటున్న మా పెద్దమ్మ కొడుకు ఇచ్చిన ఒక క్యాసెట్టు దీనికంతా కారణం. అందులో ఎవరో తెల్లవాళ్ళు పాట మధ్యలో ఇనుపరేకులు గీకేవాళ్ళు, ఉన్నట్టుండి ఆగిపోయేవాళ్ళు, మళ్ళీ ఎవరో తరుముతున్నట్టు వాయించేవాళ్ళు. మా నాయన ఒక నిమిషం విని, "టేపు చిక్కుకున్నట్టుండాది, పెన్సిలు పెట్టి తిప్పరా" అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు ఝల్లుమంది. ఏ చప్పుడైనా పాటే కావచ్చని ఆ క్యాసెట్టు నాకు చెప్పింది. (సరళీ స్వరాల దగ్గరే సంగీతం మాస్టారికి నమస్కారం పెట్టి వచ్చేసినవాడికి ఈ మాట ఎంత ఊరటో మీరే ఊహించుకోండి.)

బ్యాండుకు ముగ్గురం తేలాం. మేం డబరా అని పిలిచే స్నేహితుడి నాయన పెళ్ళిళ్ళకు వంటపాత్రలు బాడుగకిచ్చేవాడు. ఆ గోదాములో బోర్లించిన డబరాలూ గంగాళాలే వాడి డ్రమ్ములు. ముహూర్తాల కాలం వస్తే డ్రమ్ములన్నీ పెళ్ళిళ్ళకు పోయేవి, మేం సెలవు తీసుకునేవాళ్ళం. రెండోవాడు స్టేషన్. రేడియో ముల్లును రెండు స్టేషన్ల మధ్య ఆపి, ఆ గరగరను పెంచుతూ తగ్గిస్తూ అరమోడ్పు కళ్ళతో ఊగేవాడు. గిటారూ గొంతూ నావి. బ్యాండు పేరు ఖాళీ గంగాళం. శిడ్లఘట్టలో పట్టుగూళ్ళ నుంచి దారం తీసే యంత్రాల మోత మీద ఒక పాట కట్టాం. దాన్ని విన్న డబరా వాళ్ళమ్మ గోదాము తలుపు తెరిచి, "ఏం పగిలిందప్పా?" అని కంగారుగా అడిగింది. మేం దాన్ని మొదటి ప్రశంసగా తీసుకున్నాం.

అంతలో బెంగళూరులో కాలేజీ బ్యాండ్ల పోటీ ఉందని తెలిసింది. అక్కడికి వెళ్తే చాలు, మమ్మల్ని గుర్తించేవాళ్ళు దొరుకుతారని మా నమ్మకం. ఆ మాట ఎత్తగానే నాయన మా అంగట్లో కందిపప్పు తూకం ఆపి, తక్కెడ పక్కన పెట్టాడు.

"మీ పాటల్ని మొదట్నుంచీ కడదాకా ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, కూర్చోని విన్నాడనుకో, సంతోషంగా పో. లేకుంటే కాలేజీ అయిపోతానే అంగట్లో కూర్చో. సరేనా?"

సరేనన్నాను. బాగేపల్లిలో మా చిన్నాయన కూతురి పెళ్ళి దగ్గర పడింది, రిసెప్షన్లో అరగంట వాయించుకోనివ్వమని అమ్మ చేత అడిగించాను. అయితే మావాళ్ళ సంగతి నాకు తెలుసు. రెండో పాటకే చెప్పులు వెతుక్కుంటారు. ఏం చేయాలా అని ముగ్గురం తల పట్టుకుంటే, స్టేషన్ ఒక మాటన్నాడు: "తాంబూలం ఇయ్యకుంటే యాడికి పోతారు?"

వాణ్ణి ఎత్తుకుని తిప్పాం. మావైపు పెళ్ళిలో సాంబారులో ఉప్పు మరిచిపోయినా క్షమిస్తారు కానీ, టెంకాయా ఆకూ వక్కా పెట్టిన తాంబూలం సంచి చేతిలో పడకుండా గడప దాటరు. పెళ్ళికి వెళ్ళొచ్చామని ఇంటి దగ్గర చూపించడానికి అదే సాక్ష్యం. పాత్రలతోపాటు డబరా కూడా పొద్దున్నుంచీ కల్యాణమండపంలోనే ఉన్నాడు కాబట్టి, గుమ్మం దగ్గర పేర్చిన సంచులన్నీ మా వేదిక తెర వెనక్కి చేరిపోయాయి. అడిగినవాళ్ళకు, "ప్రోగ్రాం అయినాక ఇస్తారంట" అని స్టేషన్ ఎంతో వినయంగా చెప్పాడు.

మొదలుపెట్టాం. మొదటి పాటకు మైకు సెట్టు అతను తప్పు తన సెట్టుదే అనుకుని మూడు వైర్లు మార్చాడు. రెండో పాటలో నేను వేదిక మీద వణికిపోతూ పాడుతుంటే ముందు వరసలో ఒక ముసలమ్మ లేచి, "ఆ పిల్లోనికి కరెంటు కొట్టినట్టుండాది, ఎవురన్నా చూడండప్పా!" అని కేకేసింది. పసిపిల్లలు ఏడుపందుకున్నారు. (ఏడుపు శ్రుతిలోనే ఉందని స్టేషన్ ఇప్పటికీ వాదిస్తాడు.) అయినా ఒక్కరూ కదల్లేదు! చేతులు కట్టుకుని, పళ్ళు బిగించి, గుమ్మం వైపు చూస్తూ మండపం నిండా కూర్చున్నారు. వెనక వరసలో నాయన ముఖం చిన్నబోవడం చూశాను. బెంగళూరు బస్సు టికెట్టు నా జేబులో పడ్డట్టే అనిపించింది.

ఆఖరి పాట ఆ శిడ్లఘట్ట యంత్రాలదే, అందులో డబరాకు పూనకం వచ్చింది. పెద్ద గంగాళం మీద వాడు వేసిన దెబ్బకు అది దొర్లి, వెనక తెరను లాక్కుని పడింది. తెర వెనక గుట్టగా తాంబూలం సంచులు!

"టెంకాయలు ఆడుండాయి!" అని ఎవరో అరిచారు. అంతే. మండపమంతా లేచి వేదికెక్కింది. నా గిటారు మీదుగా చేతులు చాచి సంచులు అందుకున్నారు. రెండు నిమిషాల్లో ఖాళీ కుర్చీలు మిగిలాయి. ఆఖరి పాట సగంలోనే ఆగింది.

అప్పుడు పేరేసంద్రలో ద్రాక్షతోట ఉన్న మామ ఒక్కడు చంకలో సంచితో నా దగ్గరికి వచ్చాడు. "అల్లుడూ, ఈ పాటలు క్యాసెట్లో ఉండాయా? నాకొకటి ఇయ్యప్పా."

నా గుండె ఉప్పొంగింది. "నాయనా, చూసినావా!" అన్నాను.

"నీకెందుకు బావా?" అన్నాడు నాయన అనుమానంగా.

"తోటలో గొరవంకలు కాయను నిలవనీడం లేదు బావా. ఇది పెడితే ఒక్కటి గూడా నిలవదు. నేనే లేచి పోదామనుకుంటి, టెంకాయ కోసరం ఆగినా."

నాయన అంతలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు, కండువా నోట్లో కుక్కుకోవాల్సి వచ్చింది. నాకు మాత్రం ఆ రోజు నిజంగానే ఏడుపొచ్చింది. కాలేజీ అయిపోగానే అంగట్లో కూర్చున్నాను, డబరా వంట కాంట్రాక్టుల్లో పడ్డాడు, స్టేషన్ సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టాడు. బ్యాండు ఆగిపోయాక మా ప్రభావం మొదలైంది. మామ అడిగిన క్యాసెట్టు ఇచ్చాను, ఆయన తోటలో ఆ ఏడు పిట్ట వాలలేదట. పక్క తోటలవాళ్ళు కాపీలు చేయించుకున్నారు. పేరేసంద్ర నుంచి చిక్కబళ్ళాపురం దాకా ఏ తోట పక్కన బస్సు ఆగినా నా గొంతు వినబడేది. పక్క సీటువాళ్ళు చెవులు మూసుకుంటుంటే నేను కిటికీ బయటికి చూసేవాణ్ణి.

నాలుగైదేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం నాయనా నేనూ మామ తోటకు వెళ్ళాం. మా ఆఖరి పాట మోగుతోంది, గోదాములో పూర్తిగా రికార్డు చేసిన పాట. లౌడుస్పీకరు మీద గొరవంకలు వరసగా వాలి ఉన్నాయి.

"అలవాటు పడినాయప్పా," అన్నాడు మామ దిగులుగా. "ఇప్పుడు ఆపితే అరుస్తాండాయి."

నేను నవ్వబోయాను. నాయన వేలెత్తి ఆగమని, గట్టు మీద కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. డబరా గంగాళం మోగింది, స్టేషన్ గరగర లేచి అణిగింది, నా పాత గొంతు ఎక్కడికో పరుగెత్తి ఆగింది. పాట అయిపోయాక పిట్టలు తీరిగ్గా లేచి పందిరి మీదికి వెళ్ళాయి.

"కడదాకా కూర్చున్నాయి కదరా," అన్నాడు నాయన. లేచి పంచె దులుపుకుంటూ, "నేను గూడా కూర్చుంటిని. పందెం నువ్వే గెలిచినావు, ఇంగ బెంగుళూరుకు పో" అన్నాడు.

ఏ పోటీకి వెళ్ళను? గిటారు తీగలు అప్పటికే అంగట్లో చీటీలు వేలాడదీయడానికి పనికొస్తున్నాయి, జుట్టేమో చెవుల మీదికి దిగడం మాని నడినెత్తి ఖాళీ చేసే పనిలో ఉంది. అయినా ఆ గట్టు మీద నాకు కలిగినంత సంతోషం ఏ పోటీలో గెలిచినా కలిగేది కాదు. నాయనను స్కూటరు వెనక ఎక్కించుకుని చింతామణి దారి పట్టాను. దారి పొడుగునా ఆ శిడ్లఘట్ట పాటను ఆయన తప్పుల తడకగా కూనిరాగం తీస్తూనే ఉన్నాడు.