నాయనమ్మ విన్న రక్తపిశాచాల నవల

నేను ఇంటర్ చదివే రోజుల్లో మట్టెవాడలో పుస్తకాలు అద్దెకిచ్చే డబ్బా ఒకటుండేది. అక్కడ దొరికిన వాటిలోకెల్లా విచిత్రమైన నవల ఒకటి గుర్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో రక్తపిశాచాలు కూడా సైన్యంలో చేరి ఉంటే ఏమయ్యేదో అందులో కథ. అట్ట మీది కోరలు చూసి అమ్మ ఛీ అంది. నాయనమ్మ మాత్రం "లడాయి కతనా? సదువు" అని నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

ఆమె ఒక్కగానొక్క తమ్ముడు ఆ లడాయికే వెళ్లాడు. తిరిగి రాలేదు, చనిపోయాడన్న కబురూ లేదు. ఏటా పెత్రమాస నాడు పోయిన పెద్దల పేరున బియ్యం ఇచ్చేటప్పుడు, "మామ పేరు మీద గూడ ఇద్దామా అవ్వా?" అని నాన్న అడగడం, "బతికున్నోనికి ఇస్తార్రా?" అని ఆమె కయ్యిమనడం మా ఇంట్లో మామూలే.

మధ్యాహ్నాలు ఆమె వాకిట్లో బీడీలు చుడుతుంటే నేను చదివేదాన్ని. వాడకట్టు ఆడవాళ్లు కూడా తమ బీడీల చాటలు పట్టుకొచ్చి చేరారు. పిశాచి వచ్చిన చోటల్లా బుసకొట్టి మరీ చదివేదాన్ని, నా నటన అలాంటిది! కథలో ఒక తెలుగు సిపాయిని పిశాచి కొరుకుతుంది. ఇక అతనికి తుపాకీ గుండు తగిలినా చావు లేదు, ఎండ తగిలితే మాత్రం బూడిదే. అలాంటివాణ్ని ఆఫ్రికా ఎడారికి పంపుతారు.

"ఎండల సచ్చేటోన్ని ఎడారికి తోలిండ్రా? జర అకల్ ఉండాలె గద!" అంది నాయనమ్మ. పిశాచాలకు ఎల్లిగడ్డ పడదని చదివితే, "గట్లయితే మనింట్ల ఏం తింటడే వాడు?" అని ఫికర్ పడింది. వాడు మనింటికెందుకొస్తాడని అందరూ పడీపడీ నవ్వారు. ఆమె నవ్వలేదు. "గుండు తగిలినా సావడు గదా?" అని నన్ను మళ్లీ మళ్లీ అడిగింది.

చివరికి యుద్ధం ముగిసి సిపాయి ఊరికొస్తాడు. తనవాళ్లంతా ముసలివాళ్లవుతారు. అతను మాత్రం అదే వయసులో, తలుపులు మూసిన గదిలో ఉండిపోతాడు. ఒకనాటి పొద్దున తనే తలుపు తీసుకుని ఎండలోకి నడుస్తాడు. నాకు ఏడుపొచ్చింది. "గిట్ల రాస్తడా, వాని చేతులిరగ!" అని ఆడవాళ్లు రచయితను తిట్టారు. నాయనమ్మ చాట తీసుకుని లోపలికి వెళ్లింది.

ఆ యేడు పెత్రమాసకు నాన్న తిట్లకు సిద్ధపడే, అలవాటు చొప్పున అడిగాడు.

"ఇయ్యి బిడ్డా" అంది నాయనమ్మ. "ఎన్నేండ్లని సీకట్ల కూసుంటడు, పాపం. ఎండకు రానీ."