అమ్మ వేళ్లకి ఎర్ర టోపీలు

మొన్న హైదరాబాద్‌లో నేను చేసిన ఘనకార్యం వినండి, టీ కప్పు కింద పెట్టేస్తారు! ఏజెంటు లేకుండా, అమ్మ కెనడాలో ఉండిపోడానికి కావాల్సిన పీఆర్ పని మొత్తం నడిపింది నేనే. దాన్ని చెడగొట్టబోయిందీ నేనే.

మా అక్క అక్కడ నర్సు. అమ్మని స్పాన్సర్ చేయడానికి దానికి అక్కడి ప్రభుత్వం నుంచి పిలుపు రావడానికే ఏళ్లు పట్టింది. చోడవరంలో కాగితాల పని నాది. అక్క మూడేళ్ల ఆదాయం, ఇంట్లో మనుషుల లెక్క అన్నీ నోటితోనే కూడేశాను. "నీది బుర్ర కాదే, కాలిక్యులేటరు" అంది అక్క. ఇంక నేను నేల మీద నిలుస్తానా!

వేలిముద్రలివ్వమని లెటర్ వచ్చింది. గడువు నెల. దాటితే అప్లికేషన్ పోయినట్టే. వెంటనే హైదరాబాద్‌లో స్లాట్ పట్టాను, అనకాపల్లిలో రైలెక్కడానికి టికెట్లు తీశాను. ఆషాఢం కదా, బయల్దేరే ముందు రోజు పెరట్లో గోరింటాకు కోసి, రుబ్బి అమ్మకి పెట్టాను. అరచేతిలో చందమామ, పది వేళ్లకీ టోపీలు.

"ఒసే, ప్రయాణం ఎట్టుకుని ఇప్పుడేటే ఇది?"

"ఫారిన్ పని మీద వెళ్తన్నావమ్మా, చేతులు కళకళ్లాడాలి!"

ఎంత బాగా పండిందో!

హైదరాబాద్‌లో వేలిముద్రలు తీసే సెంటర్‌లో మేడం అమ్మ వేళ్లు మిషన్ మీద పెట్టించింది. తుడిచింది. మళ్లీ పెట్టించింది. నా వైపు చూసింది.

"వేళ్లకి గోరింటాకు ఉండకూడదని స్లాట్ మెయిల్‌లో రాశారు కదండీ, చదవలేదా?"

చదివాను. అంకెలున్న లైన్లన్నీ చదివాను!

అదృష్టం, గడువు చివరి వారంలో ఇంకో స్లాట్ దొరికింది. అప్పటిదాకా నిమ్మచెక్క, చింతపండు, టూత్‌పేస్టు... అమ్మ పక్కింటివాళ్ల అంట్లు కూడా తనే తోముతానంది.

"ఒసే, ఇలా రుద్దితే రంగు కాదే, నా ఏలిముద్రలే పోతాయి!"

వీడియో కాల్‌లో అక్క ఊరుకుంటుందా? "ఏటే కాలిక్యులేటరూ, అమ్మకి వేళ్లెన్నో లెక్కెట్టేవా?"

రెండోసారి వెళ్లాం. ఒక్కో వేలూ పెడుతుంటే నేను పక్కనే లెక్కపెట్టాను. పదీ పడ్డాయి! అదే మేడం కాగితాలు సర్దుతూ, "అన్నీ పక్కాగా ఉన్నాయి. ఏ కన్సల్టెన్సీ చేసింది?" అని అడిగింది.

అమ్మ మొహం వెలిగిపోయింది.

"కన్సల్టెన్సీ ఏటమ్మా! అంతా మా సిన్నగుంటే సేసింది."

సిన్నగుంటంటే చిన్న కూతురు, నేనే! చున్నీ సర్దుకుని నిటారుగా నిలబడ్డాను.

అమ్మ అక్కడితో ఆగితేనా! అంతే గర్వంగా, "ఆ గోరింటాకు కూడా ఇదే ఎట్టింది" అంది.