అన్న పెట్టిన ఒంటె

పోయిన మంగళవారం పొద్దున కాశిబుగ్గలో అన్న పోయాడు. ఊపిరితిత్తుల జబ్బు. నాకు తోడబుట్టినవాడు కాదు, పక్కింట్లో మగ్గం నేసే మనిషి. నాకు చదరంగం నేర్పింది ఆయనే.

ఎత్తు వేసేముందు కాయను లుంగీ అంచుతో తుడిచేవాడు, చేతికి ఎప్పుడూ నూలు దుమ్మే కనుక. నేను గాభరాపడితే "జర ఆగు తమ్మీ, బంటు యాడికి పోతది?" అనేవాడు. ఆయనది మన పాత ఆట. అందులో బంటు ఒక్కో గడే నడుస్తుంది. అవతలి అంచుకు చేరితే, ఆ వరుసలో మొదట ఏ కాయ ఉండేదో అదే అవుతుంది.

డెబ్బైల చివర్లో హన్మకొండలో టోర్నమెంటు పెట్టారు. గెలిచినవాడికి ఒక ఆఫీసు జట్టులో ఉద్యోగం. మగ్గానికి నూలు దొరకని రోజులవి, అన్నకేమో ఉద్యోగం వయసు దాటిపోతోంది. అక్కడ ఆడే కొత్త రూల్స్ పుస్తకం చూసి ఆయనకు నేనే నేర్పాను. అంచుకు చేరిన బంటును మంత్రిగా మార్చుకోవచ్చన్న సంగతి మాత్రం చెప్పడం మరిచాను.

ఆఖరి ఆట మా ఇద్దరికే పడింది. నాకు సమమైనా చాలు, ఆయన గెలిచి తీరాలి. మంత్రి ముందు బంటును రెండు గళ్లు తోసి మొదలుపెట్టాడు. నాలుగు గంటలు నన్ను నలిపేశాడు. చివరికి నాకు రాజు ఒక్కడే మిగిలాడు, ఆయనకు రాజు, ఒక్క బంటు. ఆ బంటు ఒంటె వరుసలో అంచుకు చేరింది. అన్న ఒంటెను చేతిలోకి తీసుకుని నా మొహంలోకి చూశాడు. "మంత్రిని పెట్టన్నా" అంటే సరిపోయేది. నేను తల దించుకున్నాను. ఏటవాలుగా మాత్రమే నడిచే ఒంటె ఒక్కదానితో రాజును కట్టలేరు. ఆట సమమైంది, ఉద్యోగం నాకొచ్చింది.

బయటికొచ్చాక ఎవరో ఆయనకు సంగతి చెప్పారు. సైకిల్ మీద నన్ను ఎక్కించుకుని వస్తూ అడిగాడు.

"నీకు ఎరుకేనా తమ్మీ?"

"నేను గూడ మరిచిన అన్నా."

"సరే తియ్, ఫికర్ చేయకు."

మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. తిట్టినా బాగుండేది. దగ్గుతో లేవలేని దాకా మగ్గం గుంతలోనే కూర్చున్నాడు.

మంగళవారం వదిన నన్ను చూసి గొల్లుమంది. "నీకు నౌకరి అచ్చిన నాడు వాడకట్టంత తిరిగి చెప్పిండయ్యా, నేను నేర్పిన పోరడేనని!" నిజం చెబుదామని నోరు తెరిచాను. "ఏడ్వకు వదినా" అని మాత్రం అన్నాను.

పాడె మోస్తుంటే సగం దారిలో ఎవరో భుజం మార్చుకుంటావా అని అడిగారు. వద్దన్నాను. మార్చుకునేంత బరువు లేడు అన్న.