గోడవైపు తిరిగిన నల్లరాయి

మా పెద్దమ్మ పోయింది. నేను గుంతకల్లులో డ్యూటీ దిగి ఇంటికి నడుస్తుంటే ఆమె కొడుకు, మా అన్న, ఫోన్ చేసి చెప్పాడు. కాసేపు ఏడ్చి, ముక్కు చీదుకుని, "రాయి మనింట్లోనే ఉండాది కదప్పా. దాన్నే అమ్మ సమాధికి ఏపిద్దాం," అన్నాడు. ఆ మాటకు మిట్టమధ్యాహ్నం ఎండలో నడిరోడ్డు మీదే ఆగిపోయాను.

ఆమె ఎవరో మీకు తెలియదు. కానీ మీ వంటగది గట్టు నల్లరాయిదైతే, అందులో మీ ముఖం కనిపిస్తుంటే, ఆ మెరుపులో మా పెద్దమ్మ చెయ్యి ఉండొచ్చు. తాడిపత్రి దగ్గర రాళ్లకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు పనిచేసింది. నీళ్లు పోసుకుంటూ పలకల అంచులు చేత్తో రుద్దీ రుద్దీ వేలిముద్రలు అరిగిపోయాయి. రేషన్ షాపులో మిషన్ ఆమెను గుర్తుపట్టేది కాదు. "నేను బతికే ఉండానని దానికి నువ్వన్నా చెప్పప్పా," అని డీలరును దబాయించేది. ఆ అరిగిన చేతులే నాకు ముద్దలు కలిపి పెట్టాయి. మా అమ్మ కూలికి పోతే నన్ను పెంచింది, బడికి తరిమింది పెద్దమ్మే. ఈ పూట నేను తింటున్న అన్నం ఆమె పెట్టిందే అనుకుంటాను.

ఆమె లెక్కలో లోకంలో రాళ్లు రెండే. మా గుట్టల మీద గుండ్లుగా పడి ఉండే బూడిదరంగు రాయి ఒకటి. దాన్ని తెల్లరాయి అనేది. చేలకు అడ్డంగా గోడ కట్టినట్టు సాగే నల్లరాయి రెండోది. "తెల్లరాయి ఎంత రుద్దినా మనిషిని పట్టుకోదు. మొగం పలుకులు పలుకులైపోతాది. నల్లరాయి అట్ల కాదు. చూసినోళ్లను లోపల పెట్టుకుంటాది," అనేది. పొద్దు వాలితే ఫ్యాక్టరీలో నల్లపలకల మీద గోనెపట్టాలు కప్పేవాళ్లు. దుమ్ము పడకుండా అని మేస్త్రీ చెప్పేవాడు. పెద్దమ్మ మాత్రం, "లోపలోళ్లు నిద్రపోవల్ల కదా," అనేది. అది తమాషాకో నిజానికో ఇప్పటికీ తెలియదు.

ఆమె ఇంటి లోపలి గదిలో మూల విరిగిన నల్లపలక ఒకటి ఉండేది, మెరిసే ముఖం గోడకు తిప్పి. పిల్లలం దాని జోలికి పోతే చీపురు తిరగేసేది. ఒకసారి ఆమే చెప్పింది. అన్న తర్వాత ఆమెకు ఒక పాప. తల్లితో ఫ్యాక్టరీకి వచ్చి, ఈ పలక ముందు నిలబడి, ముక్కు ఆనించి, నాలుక చాపి నవ్వేదట. ఆ నెలలోనే జ్వరమొచ్చి పోయింది. ఒక్క ఫోటో కూడా లేదు. మూల విరిగిన రాయిని కొనేవాళ్లు లేక పడి ఉంటే, ఓనరును అడిగి తెచ్చుకుంది.

"మరి గోడకు తిప్పినావేమి పెద్దమ్మా?" అన్నాను.

"దినామూ చూస్తే అరిగిపోతాది నాయనా."

తర్వాత నేను డిగ్రీలో భూగర్భశాస్త్రం చదివి, తెలివి చూపించుకోవడానికి ఆమె దగ్గర కూర్చున్నాను. రెండు రాళ్లూ ఒకప్పుడు నిప్పేనని, తెల్లది భూమి లోతుల్లో నిదానంగా చల్లారింది కాబట్టి పలుకులు పెద్దవయ్యాయని, నల్లది పగుళ్లలోంచి పైకి తోసుకొచ్చి తొందరగా చల్లారింది కాబట్టి దాని పలుకులకు పెరిగే తీరిక లేకపోయిందని చెప్పాను. పెద్దమ్మ పలక వీపు మీద చెయ్యి పెట్టుకుని విన్నది. "పాప కూడా అంతే. తెల్లారేతలికి చల్లబడిపాయ," అని లేచి పొయ్యి దగ్గరికి పోయింది. ఆ ఇంట్లో నేను మళ్లీ రాళ్ల మాట ఎత్తలేదు.

ఇప్పుడు అన్న ఆ పలక మీదే పెద్దమ్మ పేరు చెక్కిద్దామన్నాడు.

"పాప మొగం మీద చెక్కినట్టే అన్నా."

"రాయిలో ఏముంటాదిరా, పిచ్చోడా! అమ్మకు చాదస్తం, నీకు అంతకంటే ఎక్కువ."

రెండు రోజులు పోట్లాడుకున్నాం. చివరికి పేరు తెల్లరాయి మీద చెక్కించి తలవైపు నాటుదామని, నల్లపలకను అక్షరం లేకుండా సమాధి పైన పరుద్దామని ఒప్పుకున్నాడు, మెరుపు పైకి ఉండాలన్న షరతు మీద.

మట్టి సర్దుకున్నాక, మొన్న సాయంత్రం ఆ పని పెట్టుకున్నాం. పేరు చెక్కిన రాయిని నాటేసి, సమాధి పనికి పిలిచిన మేస్త్రీ పలకను సమాధి పక్కన నిలబెట్టించాడు. పొరుగూరివాడు, మా ఇంటి సంగతులేవీ ఎరగనివాడు. నీళ్లు చల్లి, పాతదుమ్మంతా గుడ్డతో తుడిచాడు. నేనూ అన్నా చెరోవైపు పట్టుకున్నాం. మేస్త్రీ రాతిలోకి చూస్తూ మామూలుగా అన్నాడు:

"ఆ పాపను పక్కకు పొమ్మనన్నా. రాయి జారితే కాళ్ల మీద పడతాది."

ఇద్దరం వెనక్కి తిరిగాం. కంపచెట్లు, వాటి వెనక ఎండిన చేను. ఎవరూ లేరు. రాతిలోకి చూసే ధైర్యం నాకు రాలేదు. 

"బోర్లా ఎయ్యి," అన్నాడు అన్న.

"మెరుపంతా మట్టిలోకి పోతాది కదన్నా?" అన్నాడు మేస్త్రీ.

"పోనీ. అమ్మ చూసుకుంటాది."

మెల్లగా దించాం. మేస్త్రీ సామాను సర్దుకుని పోయాడు. పొద్దు గూకేదాకా మేమిద్దరం అక్కడే కూర్చున్నాం. లేచేటప్పుడు తలవైపు తెల్లరాయిని తాకాను. చల్లబడింది. వంగి నల్లరాయి మీద చెయ్యి పెట్టాను. ఇంకా వెచ్చగా ఉంది.