నీళ్ళున్న ఇంటి గోడ

మొన్న గోరంట్ల దగ్గర ఒక పల్లెలో, చాన్నాళ్ళుగా మూసిపెట్టిన అంగన్‌వాడీ గదికి తాళం తీయించాను. వాన పడి వారం దాటింది. తలుపు తెరవగానే, తడిసిన గోనెసంచి ముక్కిపోయిన వాసన గుప్పున ముఖానికి కొట్టింది. నడుమెత్తు దాకా గోడంతా నల్లటి బూజు. నాతో వచ్చిన పంచాయతీ ఆయన ముక్కు మూసుకుని, "పెయింటు కొట్టిస్తే పోతాది లే మేడం" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కాదు పాపం, ఆ మాట మీద. ఆ మాట ఎవరి నోట విన్నా నాకు మహబూబీ మేడం గుర్తొస్తారు. ఆమె పోయి కొన్నేళ్ళయింది. ఉండి ఉంటే ఆ పంచాయతీ ఆయనకు ఆ రోజు మధ్యాహ్నం అన్నం సహించేది కాదు.

నేను కంబదూరు వైపు ఏఎన్‌ఎమ్‌గా కొత్తగా చేరినప్పుడు ఆమె మా హెల్త్ సూపర్‌వైజరు. పొట్టి మనిషి, బుగ్గన ఎప్పుడూ వక్కాకు. నోరు మంచిది కాదని పేరు. నిజమే, మంచిది కాదు. డాక్టరుగారితో ఏ గొంతుతో మాట్లాడేవారో మేకలు కాసుకునే ముసలాయనతోనూ అదే గొంతు. మొదటిరోజు ఇద్దరం కలిసి ఒకరింటికి వెళ్ళాం. వాకిట్లో కుర్చీ వేశారు, నేను కూర్చున్నాను, టీ కూడా వచ్చింది. ఆమె అప్పటికే లోపలికి వెళ్ళి పొయ్యి మూల, పిల్లలు పడుకునే మూల చూసి వచ్చారు. నన్ను ఎగాదిగా చూసి, "టీ తాగను వచ్చినావా ఏమ్మే? రోగం వాకిట్లో కుర్చీ ఏసుకోని కూచుంటాదా? లెయ్" అన్నారు. ఆ ఇంటివాళ్ళ ముందే! ఏడుపొచ్చింది. ఆ సాయంత్రం బస్సులో పక్కన కూర్చోబెట్టుకుని బొరుగులు పెట్టారు. అలిగి మొదట తీసుకోలేదు. తర్వాత ఆకలేసి తిన్నాను.

మా పరిధిలో ఒక కాలనీ ఉండేది. ప్రభుత్వం కట్టించిన ఒంటిగది ఇళ్ళు. వీధికొక కొళాయి. నీళ్ళు ఎప్పుడొస్తాయో వదిలే ఆయనకే తెలియదు. వచ్చినరోజు పండగే. డ్రమ్ములు, బిందెలు, కడవలు, చివరికి చెంబులు కూడా నింపి, అన్నీ ఆ ఒక్క గదిలోనే పెట్టుకునేవారు. బయట పెడితే దుమ్ము, ఎండ, కుక్కలు, ఇంకా పొరుగువాళ్ళు. ఆ ఊళ్ళలో పిల్లనిచ్చేవాళ్ళు కూడా ముందు ఇంట్లో నీళ్ళ డ్రమ్ములు చూసి, ఆ తర్వాతే పిల్లవాడిని చూసేవారు. గోడకు చెమ్మ దిగితే దిగులు పడేవాళ్ళెవరూ లేరు. తడిగోడ ఉన్న ఇల్లంటే నీళ్ళున్న ఇల్లు. తరతరాలుగా ఎండకు మాడినవాళ్ళకు తడి కూడా చెరుపు చేస్తుందంటే ఎలా నమ్ముతారు?

నరసమ్మ ఇల్లు అందులోకెల్లా గొప్పది. గోడవారన డ్రమ్ములు, వాటి మీద నీళ్ళు చల్లగా ఉండాలని తడిపిన గోనెసంచులు. నీళ్ళలో దుమ్ము పడకుండా కిటికీకి పాత చీర కుక్కింది. "సూడు మేడం, ఊరంతా కరువైనా మా ఇంట్లో నీళ్ళకు కరువు ల్యా" అంది మురిసిపోతూ. ఆ డ్రమ్ముల వెనక గోడ నల్లగా బూజెక్కి ఉంది. ఆ గోడ పక్కనే చాప మీద ఆమె కూతురు భారతి, ఒకటో తరగతి పిల్ల, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుని ఉంది. ఊపిరి తీస్తే పిల్లికూతలు వాకిట్లోకి వినబడుతున్నాయి. మేడం జ్వరం చూసినట్టు చేతి వెనకవైపు గోడకు ఆనించారు, తర్వాత పిల్ల వీపు మీద పెట్టారు.

"ఈ పాపకు ఉబ్బసం ఉండాది మే. ఈ బూజు గాలి పీల్చి ఇంకా ఎక్కువైతాండాది. డ్రమ్ములు బయటికి తియ్, కిటికీ తెరు."

నరసమ్మ నోరెళ్ళబెట్టింది. "పాపను ఆస్పత్రికి తీసకపో అంటే తీసకపోతా మేడం. నీళ్ళు బయట పెట్టమంటావా?"

మేడం కొంగు దోపి గోనెసంచులు లాగి ఎండలో వేశారు, కిటికీలో గుడ్డ పీకేశారు. మళ్ళీ వెళ్ళేసరికి సంచులు, గుడ్డ అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ తర్వాతా అంతే. విసుగొచ్చి, "ఈ జనానికి చెప్పడం దండగ మేడం" అన్నాను.

"మీ ఇంట్లో కొళాయి ఉండాదా?"

"ఉంది మేడం."

"తిప్పితే వస్తాయా?"

"వస్తాయి."

"అయితే నోరు మూసుకో."

తడి దిగిన కాలనీ ఇళ్ళు, హాస్టళ్ళు, అంగన్‌వాడీలు బాగుచేయాలని ప్రభుత్వం ఆ ఏడే ఒక పథకం మొదలుపెట్టింది. కళ్యాణదుర్గంలో మీటింగు పెట్టారు. మేడం లేచి బూజు సంగతి చెప్పగానే ఒక ఆఫీసరు నవ్వాడు. "అనంతపురంలో బూజా మేడం? ఈడ ఎండకు మనుషులే ఎండిపోతాంటే!" అందరూ నవ్వారు. చెప్పొద్దూ, నాకూ కొంచెం నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. వీధికొక మూతున్న సిమెంటు తొట్టి కట్టించి రోజూ నీళ్ళు నింపితే ఎవరూ ఇంట్లో దాచుకోరని, గోడ దానంతటదే ఆరుతుందని చెప్పారు. ఆయన ఫైలు మూసి, "ఇది గోడల పని. నీళ్ళు వేరే డిపార్ట్‌మెంటు" అన్నాడు. "మీకు రెండు డిపార్ట్‌మెంట్లు సార్. ఆ గోడ పక్కన పండుకునే పాపకు రొమ్ము ఒకటే గదా" అన్నారు మేడం. ఆయన తర్వాతి మండలం పేరు పిలిచాడు.

కాలనీకి పెయింటు వచ్చింది. బూజు గీకకుండానే దాని మీద లేత ఆకుపచ్చ రంగు పూసి పోయారు. నరసమ్మ తెగ సంబరపడింది. రంగు ఆరేదాకా డ్రమ్ములు బయట ఉంచి, ఆరగానే లోపలికి దొర్లించింది. మేడం ఆ గోడ చూసి, "మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె!" అని బయటికి వచ్చి వక్కాకు ఉమ్మేశారు. ఆ కోపంలోనే భారతిని తనింటికి తీసుకుపోయారు. కంబదూరులో ఆమెది పాత మిద్దె, గాలీ ఎండా ధారాళంగా వచ్చే ఇల్లు. కొన్నాళ్ళకే పిల్ల మిద్దె మెట్లు ఎక్కి దిగుతూ, పాటలు పాడుతూ తిరిగింది. ఆ పిల్లకు అంత గొంతుందని మాకు అప్పుడే తెలిసింది. కానీ అమ్మ కావాలని బెంగపెట్టుకుంది. నరసమ్మ వచ్చి, "నా బిడ్డ ల్యాక ఇంట్లో ముద్ద దిగల్యా మేడం" అని తీసుకువెళ్ళింది. తల్లిని ఎవరు కాదనగలరు?

ఆ ఏడు వానలు పడ్డాయి. ఎన్నేళ్ళుగానో మొక్కుకున్న వానలు, విడవకుండా పడ్డాయి. తలుపులు, కిటికీలు బిగించుకుని అందరూ ఇళ్ళలోనే ఉన్నారు. ఒక మధ్యాహ్నం భారతికి ఊపిరి అందలేదు. అంబులెన్సు అవతలి గట్టు దాకా వచ్చింది కానీ వంక పొంగి దారి తెగింది. ఇవతల గట్టునే నరసమ్మ ఒళ్ళో పిల్ల పోయింది. కబురు విని ఉరికిన మేమూ ఆ గట్టునే ఉన్నాం. నీళ్ళను అంత అసహ్యంగా చూడడం నా జన్మలో అదే మొదలు.

దినాలయ్యాక వెళ్ళాం. పచ్చరంగు కింద నుంచి నలుపు మళ్ళీ పైకి వచ్చేసింది. పిల్ల చాప ఉండే చోట కొత్త డ్రమ్ము ఉంది. నేను దానివంక చూడడం గమనించి నరసమ్మ, "జాగా ఉండాది గదక్కా" అంది. తర్వాత మేడం వైపు తిరిగి, "నీళ్ళు దాపెట్టుకుండేదే తప్పయిందా మేడం? నేనే చంపుకుంటినా?" అని అడిగింది.

నెలల తరబడి ఆ డ్రమ్ముల మీదే ఆమెను తిట్టిన మనిషి మేడం. ఇప్పుడేమంటారో అనుకున్నాను. ఆమె నరసమ్మ తల నిమిరి, "ల్యా మే. నీళ్ళు దాపెట్టుకుండేది తప్పు గాదు" అన్నారు. బయటికి వచ్చాక, "అట్లా ఎందుకు చెప్పారు మేడం?" అన్నాను. "రోజూ నీళ్ళు వచ్చింటే ఆయమ్మ ఎందుకు దాపెట్టుకుంటాది? తప్పు యాడుండాదో నాకు తెల్దా?" అంటూ కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు.

ఇప్పుడు ఆమె కుర్చీలాంటి కుర్చీలోనే నేనున్నాను. గోడల గురించి ఏ మీటింగు పెట్టినా, ముందు ఆ వీధికి నీళ్ళు ఎప్పుడొస్తాయో చెప్పమంటాను. అందరూ విసుక్కుంటారు, విసుక్కోనీ. పోయిన ఎండాకాలం పనిమీద ఆ వైపు వెళ్ళి నరసమ్మను చూసి వచ్చాను. వీధి తొట్టి ఇంకా కట్టలేదు. నన్ను చూడగానే ఆమె, "ఎండన పడి వచ్చినావు, కూచో అక్కా" అంటూ లోపలికి నడిచి, భారతి చాప ఉండే చోటున్న ఆ డ్రమ్ములో చెంబు ముంచి తెచ్చి ఇచ్చింది. వద్దనలేకపోయాను. తాగాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి.