నాలుగు వేళ్ళ చెయ్యి

కరోనా భయం తగ్గి, జనం మాస్కులు తీసి జేబుల్లో పెట్టుకుంటున్న ఏడాది అది. తిరుపతిలో ఒక చర్మవ్యాధుల ఆసుపత్రిలో లైటు గదికి నేను ఆయాను. ఇప్పటికీ ఆ గదే నాది. మూడో తరగతితో బడి మానేసినదాన్ని. గదులు తుడవడానికి చేరితే, మనిషి సరిగా ఉంది, దుబారా చేయదు అని లైటు గదిలో వేశారు.

ఆ గదిలో బట్టల బీరువా అంత నిలువు పెట్టె ఒకటి ఉంటుంది. లోపల నాలుగు వైపులా పొడుగాటి ట్యూబులైట్లు. దాన్ని ఫోటోథెరపీ చాంబర్ అంటారు. వెలుతురుతో చేసే వైద్యం అన్నమాట. బొల్లి మచ్చలున్నవాళ్ళు, సోరియాసిస్ పొలుసులు రాలేవాళ్ళు కళ్ళకు నల్లద్దాలు పెట్టుకొని అందులో నిలబడతారు. ఎండలో చర్మానికి మేలు చేసే పాయను మాత్రం వడగట్టి ఇచ్చే లైట్లు అవి. నారోబ్యాండ్ అని పేరు. ఎంతసేపు వెలగాలో టెక్నీషియన్ చూసుకుంటాడు. ఒంటికి రాసుకున్న పౌడర్లూ నూనెలూ తుడిపించడం, తలుపు దగ్గర కాచుకొని ఉండడం నా పని. లైటు వెలగగానే చాంబర్ పైనుంచి ఊదారంగు కాంతి కప్పు మీద పడుతుంది. ఆ కాంతిలో తెల్లచొక్కాలు వాటంతటవే వెలుగుతున్నట్టుంటాయి. మొదట్లో నాకు ఒళ్ళు జలదరించేది. జీతం వస్తోంది కదా అని అలవాటు చేసుకున్నాను.

భార్గవి పుత్తూరు దగ్గరి పల్లె నుంచి వచ్చేది. డిగ్రీ చదివే పిల్ల. పెదవి పక్కన ఒక బొల్లి మచ్చ, కనురెప్ప మీద ఒకటి, వీపు మీద చాటంత మచ్చ ఒకటి. సోమవారం, గురువారం మొదటి బస్సుకు తల్లితో కలిసి దిగేది. తల్లి పేరు ధనమ్మ. ఇద్దరూ బెంచీకి చెరో చివర కూర్చునేవాళ్ళు. ధనమ్మ చాలా ఏళ్ళు తిరుపతిలో ఒక లాడ్జిలో దుప్పట్లు మార్చే పని చేసిందట. ఇంటికి ఎప్పుడో ఒకసారి పోయేది. పిల్లను పెంచింది నాయనమ్మ. ఆ ముసలమ్మ ముందటేడు చనిపోయింది. ధనమ్మ పని మానుకొని ఇల్లు చేరేసరికి, పిల్ల ఆమెను చుట్టాన్ని చూసినట్టు చూస్తోంది.

వైద్యం బాగానే పట్టింది. బొల్లి మచ్చలో రంగు ఒక్కసారిగా రాదు. వెంట్రుక మొదళ్ళ దగ్గర చుక్కలు చుక్కలుగా, తెల్లగుడ్డ మీద నువ్వులు చల్లినట్టు వస్తుంది. పెదవి పక్కన మొదటి చుక్క వచ్చిన రోజు భార్గవి నా చేతిలోని అద్దం లాక్కొని, "అవ్వా, నా మొగం నాకు తిరిగొస్తా ఉండాది" అని నవ్వింది. "అద్దం పగలగొడితే కొత్తది నువ్వు కొనియ్యాల" అన్నాను.

ఒక సోమవారం ఆ పిల్ల నవ్వలేదు.

"అవ్వా, వీపు మంటగా ఉండాది. సూడు."

చూసి, చేతిలోని తువాలు జారవిడిచాను. తెల్ల మచ్చ నడుమ ఎర్రగా, ఉబ్బుగా ఒక చెయ్యి ఉంది. అరచెయ్యి, బొటనవేలు, మరి మూడు వేళ్ళు. వేళ్ళ కొసల్లో బొబ్బలు. ఎవరో వెనక నిలబడి కాలే చేతితో మెల్లగా తట్టినట్టుంది. చిటికెనవేలు మాత్రం లేదు. అది ఉండాల్సిన చోట చర్మం తెల్లగా, శుభ్రంగా ఉంది.

"ఎవురే నిన్ను కొట్టింది?"

"ఎవురూ కొట్టలేదవ్వా. శనివారం తేలింది."

"ఏమన్నా పూసుకున్నావా? అబద్ధం చెప్పినావంటే సూడు."

"గురువారం లైట్లోకి పోయేముందు నువ్వే గదా తుడిచింది. నేనేం పూసుకోలా."

నిజమే. నేనే తుడిచాను, గుడ్డకు ఏమీ అంటలేదు. ఇంతలో ధనమ్మ తెర పక్కకు జరిపి వచ్చింది. పిల్ల వీపు చూసి అక్కడే ఆగిపోయింది.

"మా అత్త చెయ్యి," అంది.

ఆ ముసలమ్మకు కుడిచేతి చిటికెనవేలు లేదట. చెరుకు గానుగలో గడలు పెడుతుంటే నలిగిపోయిందట. భార్గవి చిన్నప్పటినుంచి బోర్లా పడుకుంటుంది. వీపు మీద ఆ చెయ్యి పడితేనే నిద్రపోయేదట. ఇదంతా ధనమ్మ ఏడుస్తూ చెప్పింది. భార్గవి ఏడవలేదు. మెడ తిప్పి తన వీపు చూసుకోవాలని తంటాలు పడుతూ, "మెల్లిగానే పెట్టిందిలే మా," అంది.

డాక్టరమ్మ ఆ పిల్లను చీకటిగదిలోకి తీసుకుపోయి వుడ్స్ ల్యాంప్ వేసింది. మచ్చ ఎంతవరకు పాకిందో చూపించే చేతిదీపం అది. బొల్లి దాని కింద సున్నం కొట్టినట్టు వెలుగుతుంది. ఆ చీకట్లో మనిషి కనిపించలేదు. గాలిలో తెల్లటి మచ్చ ఒకటి తేలుతోంది. దాని నడుమ నల్లగా నాలుగు వేళ్ళ చెయ్యి. పిల్ల ఊపిరి తీసినప్పుడల్లా ఆ చెయ్యి కదులుతోంది. నాకు తెలియకుండానే గోవిందా అన్నాను.

డాక్టరమ్మ మాత్రం బెదరలేదు. "ఇది ఉత్త లైటుతో వచ్చే వాత కాదు. చర్మం మీద ఏదో మందు ఉంది, దాని మీద లైటు పడింది. అలాంటి వాత రెండు మూడు రోజులకు తేలుతుంది. ఇంట్లో ఏం వాడారో చెప్పండి," అని ఇద్దరినీ అడిగింది. పిల్ల లేదంది. తల్లి నేల చూస్తూ, "నాకేం తెలీదు మేడమ్," అంది. లైటు ఆపేశారు. ఒక ఆయింట్‌మెంటు, కాలమైన్ అనే గులాబిరంగు పూత రాసిచ్చారు.

మరుసటి సోమవారం వాళ్ళు వచ్చింది ఇక రామని చెప్పడానికి.

"లైటు ఆపినాక మల్ల చెయ్యి పడలేదు పెద్దమ్మా," అంది ధనమ్మ నాతో. "మా అత్తకు ఈ లైటు ఇష్టం లేదు. అమాసకు ముడుపు కట్టి శాంతి చేపిస్తాము."

"రంగు చుక్కలు వస్తా ఉండాయి గదమ్మే. నడిమద్దెలో ఆపితే వచ్చింది కూడా పోతాది. ఆ పిల్ల మొగం సూడు."

"మొగం కంటే ప్రాణం ముఖ్యం గదా."

భార్గవిని అడిగాను. తల వంచుకొని చెప్పింది: "మా అవ్వకు ఇష్టం లేకుంటే నాకూ వద్దు. నేను రోజూ బోర్లానే పడుకుంటా ఉండా. మల్ల వస్తాదేమోనని." కళ్ళ కింద నలుపు పట్టింది. నిద్ర మానుకొని చచ్చినవాళ్ళ కోసం కాచుకొని ఉన్న పిల్లను చూస్తే, వీపు మీది చెయ్యి కంటే అదే ఎక్కువ భయం వేసింది.

పూత ఎంత మిగిలిందని అడిగితే సీసా నిండుగా చూపించారు. వారం రోజుల్లో మూత కూడా సరిగ్గా తీయలేదు. నాకు మండింది. "ఊరికే వచ్చిందా ఇది? పోయే ముందు ఒక్కసారన్నా పూసి పో. నేను సూస్తా. రుద్దొద్దు, బొబ్బలు చితుకుతాయి. చేతికి రాసుకొని ఊరికే అద్దు," అని ధనమ్మను గదమాయించాను.

ఆమె అరచేతి నిండా పూత రాసుకుంది. భార్గవి స్టూలు మీద వెనక్కు తిరిగి కూర్చుంది. ధనమ్మ చెయ్యి పిల్ల వీపు దాకా పోయి, ముట్టకుండా కాసేపు గాలిలో ఆగింది. తర్వాత గాయం మీద పెట్టడానికి జంకి, దాని పక్కనే, నిద్రపోయే పసిబిడ్డ మీద వేసినట్టు వేసి, తీసింది.

గులాబిరంగు పూత ఫ్యాను గాలికి ఆరుతోంది. అరచెయ్యి, బొటనవేలు, మూడు వేళ్ళు. అంతే.

ఎర్ర చెయ్యి పక్కన గులాబిరంగు చెయ్యి. ఒకే కొలత. నేను ధనమ్మ మణికట్టు పట్టుకొని వెలుతురులోకి లాగాను. చిటికెనవేలు ఉంది. కానీ మొదట్లోనే వంకర తిరిగి, కొక్కెంలా పైకి లేచి ఉంది. ఎప్పుడో విరిగితే పుత్తూరులో కట్టు కట్టించుకుందట. లాడ్జిలో బకెట్లు మోయాలని చెప్పిన గడువుకు ముందే తానే కట్టు విప్పేసిందట. చెయ్యి ఎంత చదునుగా ఆనించినా ఆ వేలు తగలదు. ఇన్నేళ్ళూ తన చెయ్యి తానే అలా చూసుకోలేదు. ఆమె ఒకసారి వీపు వంక, ఒకసారి చేతి వంక చూసి చెయ్యి వెనక్కు లాక్కుంది.

"ఏం పూసినావే దానికి?" అన్నాను.

"చెప్పకూడదు పెద్దమ్మా. చెప్తే మందు పారదు."

"ఇప్పటిదాకా పారిందిలే. చెప్పు."

ఒక నాటువైద్యుడు బావంచాల గింజల నూనె ఇచ్చాడట. గురువారం కోడి కూసే ముందు, మాట్లాడకుండా, రోగి మేలుకోకుండా చేత్తో అద్దాలి. రోగికి కూడా తెలియకూడదు. బొబ్బలు తేలడానికి ముందటి గురువారం మొదటిసారి పూసింది. లైటు ఆపాక వచ్చిన గురువారం కూడా, పుండు తగలకుండా కిందివైపు పూసింది. లైటు పడలేదు కాబట్టి గుర్తు రాలేదు.

"వచ్చే గురువారం నుంచి మూతికీ కంటిరెప్పకూ కూడా పూయమన్నాడు," అంది.

డాక్టరమ్మను కేకేసి పిలిచాను. బావంచాల్లో ఉండే మందునే లైటు వైద్యంలోనూ వాడతారనీ, కొలత లేకుండా పూసి వెలుతురులోకి పోతే కాలుతుందనీ, తెల్లారేసరికి నూనె చర్మంలోకి ఇంకిపోయింది కాబట్టే నా గుడ్డకు అంటలేదనీ ఆమె చెప్పింది. "కనురెప్పకు పూసి ఆ పిల్ల ఎండలో కాలేజీకి నడిచుంటే?" అని అడిగింది. ధనమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

భార్గవి అప్పటిదాకా వెనక్కు తిరగలేదు. "అయితే మా అవ్వ రాలేదా?" అంది. గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది.

అప్పుడు తల్లి వైపు తిరిగింది.

"నువ్వా మా? నాతో చెప్పి పూయొచ్చు గదా."

"నువ్వు మెలకువగా ఉన్నప్పుడు నన్ను యాడ ముట్టనిచ్చినావు?" అంది ధనమ్మ.

భార్గవి మళ్ళీ వీపు తిప్పింది. "పూత సగమే పూసినావు. మిగతాది పూయి," అంది.

పుండు పూర్తిగా మానాక డాక్టరమ్మ లైటు మళ్ళీ మొదలుపెట్టింది. వాత పడినచోట రంగు ముందు వచ్చింది. తెల్ల మచ్చ నడుమ గోధుమరంగులో నాలుగు వేళ్ళ చెయ్యి నిలిచిపోయింది. ఆ పిల్ల చాంబర్లోకి అడుగుపెడుతూ వీపు తిప్పితే, ఊదా వెలుతురులో అందరికంటే ముందు ఆ చెయ్యే కనిపించేది. ఎవరిదో తెలిసి కూడా నేను చూపు తిప్పుకునేదాన్ని. చుట్టూ చుక్కలు దగ్గర పడే కొద్దీ చెయ్యి మసకబారింది. "మొత్తం నిండితే ఇది కనిపించదు గదా అవ్వా," అని భార్గవి ఒకసారి అడిగింది. బయట బెంచీ మీద ధనమ్మ పిల్ల సంచీ ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. ఆ బెంచీ మధ్యలో కూర్చోవడం అప్పటికి ఆమెకు అలవాటైంది. "కనిపించకపోతే ఏమే? ఆడ కూర్చోనుండాదిగా," అన్నాను.

మునుపు నేను చాంబర్ తలుపు దగ్గర అందరినీ ఒకటే అడిగేదాన్ని, ఏమన్నా పూసుకున్నావా అని. ఆ పిల్ల నాకు నిజమే చెప్పింది, అయినా కాలింది. ఆనాటి నుంచి ఇంకో మాట కలిపి అడుగుతున్నాను. ఇంట్లో నీ పక్కన పడుకునేది ఎవరు? కొందరు నవ్వుతారు, కొందరికి కోపం వస్తుంది. జవాబు చెప్పేదాకా తలుపు తీయను.